తయారైన తిండి చెత్తకుప్పకు చేరకుండా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆహార తయారీదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

బియ్యం మిల్లులు, పాల కేంద్రాలు, రొయ్యల ప్లాంట్లు, మిఠాయి తయారీశాలలు, బేకరీలు, పచ్చళ్ల యూనిట్లు నడిపేవారూ, వారి దగ్గర మిగిలిన సరుకును హాస్టళ్లకూ వృద్ధాశ్రమాలకూ చేర్చే కార్యకర్తలూ, ఇలాంటి సరుకును సేకరించి పంచే మమ్మల్ని పదే పదే అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. పెళ్లిళ్లలో మిగిలే భోజనాల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ జవాబులను తయారీ స్థలంలో మిగిలే ఆహారానికే పరిమితం చేశాం.

మిగులు, వ్యర్థం రెండూ ఒకటే కదా?

కావు. తినడానికి అన్ని విధాలా పనికివస్తూ, అమ్ముడుపోయే దారి మాత్రం మూసుకుపోయిన సరుకు మిగులు. తినడానికి పనికిరాకుండా పోయినది వ్యర్థం. ఉదయం మిగులుగా ఉన్న పెరుగు బకెట్టు సాయంత్రానికి వ్యర్థం కావచ్చు. ఆ రెండింటి నడుమ ఉన్నది కొన్ని గంటల వ్యవధీ, ఆ గంటల్లో ఎవరో ఒకరు తీసుకోవలసిన నిర్ణయమూ మాత్రమే. మేము చూసినంతలో మిగులు వ్యర్థంగా మారడానికి కారణం యజమానులకు ఇచ్చే గుణం లేకపోవడం కాదు, ‘రేపు చూద్దాం’ అనే మాట. ఎవరైనా కొంటారేమోనని చివరి రోజు దాకా గోదాములో ఉంచి, ఆ ఆశ కూడా పోయిన తర్వాత ఫోన్ చేసేవారే ఎక్కువ. అప్పటికి మేము చేయగలిగింది ఏమీ మిగలదు.

ఈ రెండూ కాని మూడో రకం కూడా ఉంది. తవుడు, ఊక, రొయ్య తలలు, పనీరు తీసిన నీళ్లు తయారీలో తప్పనిసరిగా వచ్చే ఉప ఉత్పత్తులు. వీటిని వ్యర్థం లెక్కలో కలిపేస్తే అసలు నష్టం ఎక్కడ జరుగుతున్నదో కనిపించకుండా పోతుంది.

తిండి ఎక్కువగా వృథా అయ్యేది ఇళ్లలోనే అంటారు. మరి తయారీదారుల వెంట పడడం ఎందుకు?

ఇళ్లలో ఎక్కువ వృథా అవుతుందన్న మాట నిజమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనిది. అయితే ఆ లెక్క ఇళ్లు, హోటళ్లు, దుకాణాలకు సంబంధించినది మాత్రమే. కోత నుంచి దుకాణం గడప దాకా జరిగే నష్టాన్ని ఐక్యరాజ్యసమితికే చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ వేరుగా లెక్కిస్తుంది, అది ప్రపంచంలో పండిన ఆహారంలో సుమారు 13 శాతం. తయారీ నష్టం ఈ రెండో లెక్కలోకి వస్తుంది కాబట్టి మొదటి లెక్కను చూపి తప్పుకోవడం కుదరదు.

అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. వెయ్యి ఇళ్లలో మిగిలిన వెయ్యి గుప్పెళ్ల అన్నాన్ని పోగుచేసి ఎవరికీ పెట్టలేం. ఒక పాల కేంద్రంలో మిగిలిన 300 లీటర్ల పాలు ఏ రోజువో, ఏ బ్యాచ్‌వో, ఎంత చల్లదనంలో ఉన్నాయో తెలుసు. ఒకే వ్యాన్‌లో ఎక్కుతాయి. ఒకే పూట మూడు హాస్టళ్లకు సరిపోతాయి. తయారీదారు దగ్గర మిగిలేది పరిమాణమూ పుట్టుకా తెలిసిన ఆహారం కాబట్టే దాని మీద ఇంత పట్టుదల.

మన రెండు జిల్లాల్లో మిగులు, నష్టం ఎక్కువగా ఎక్కడ కనిపిస్తాయి?

ముందుగా బియ్యం. ప్రభుత్వ సేకరణ లెక్క ప్రకారం 100 కిలోల వడ్లు ఆడిస్తే 67 కిలోల పచ్చి బియ్యం రావాలి; మిగిలినదాంట్లో అత్యధిక భాగం ఊక, తవుడు. వాటి గురించి బాధపడనక్కర లేదు. బాధపడవలసింది నూకల గురించి. నెల్లూరు సీమలో ప్రధాన పంట కోతకు వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల ఎండల్లో. కల్లంలో వడ్లు మితిమీరి ఎండినా, ఎండినవి మళ్లీ రాత్రి మంచుకు తడిసినా గింజలో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి, ఆ గింజ మిల్లులో రెండు మూడు ముక్కలవుతుంది. తేమ 14 శాతం దగ్గర ఉండగా ఆడిస్తే వచ్చే బియ్యానికీ, ఎండిపోయాక ఆడిస్తే వచ్చే బియ్యానికీ తేడా ఏ మిల్లు డ్రైవర్‌నడిగినా చెబుతాడు. ఇక తవుడులోని ఒక ఎంజైము వల్ల దాని నూనె ఆడించిన కొన్ని గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. అదే రోజు నూనె తీసే ఫ్యాక్టరీకి పంపినవారికి అది సరుకు; వారం నిల్వ ఉంచినవారి దగ్గర ముక్కిన వాసన కొట్టే తవుడు గొడ్ల కుడితికి పోతుంది.

రొయ్యల విషయంలో తల, పెంకు కలిపి బరువులో సుమారు 40 శాతం దాకా ఉంటుంది. దాని నుంచి కైటిన్, కైటోసాన్ అనే పదార్థాలు తీస్తారు, చేపల మేతలోనూ వాడతారు. మనుషులకు పనికివచ్చే మిగులు వేరు: ప్యాకింగ్‌లో తోక విరిగినవి, కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కకు) సరిపోని సైజువి, ఆర్డర్ రద్దయి కోల్డ్ స్టోరేజీలో ఉండిపోయినవి. కావలి నుంచి సింగరాయకొండ దాకా చెరువుల గట్ల మీద ఇంత రొయ్య పండుతున్నా, పది కిలోమీటర్ల దూరంలోని హాస్టల్ పిల్లల కంచంలో అది కనిపించడం అరుదు.

పాల కేంద్రాల్లో ఏజెంట్ల నుంచి తిరిగి వచ్చే పెరుగు, పాల ప్యాకెట్లు పెద్ద సమస్య. పనీరు చేసేవారికి మరో సమస్య: 100 లీటర్ల పాలకు 80 లీటర్లకు పైగా నీళ్లు మిగులుతాయి, వాటిలో చక్కెరా మాంసకృత్తులూ ఉంటాయి, కాలువలో వదిలితే కాలువ కుళ్లుతుంది. వాటితో చపాతీ పిండి కలపవచ్చు, మజ్జిగ లాంటి పానీయాలు చేయవచ్చు, పశువులకు తాపవచ్చు.

మిఠాయిలు, బేకరీ సరుకుల్లో నష్టం పండుగ మర్నాడు వస్తుంది. కోవాతో చేసిన మలై కాజాకు మైసూర్ పాకు నిల్వ ఉన్నంత కాలం నిల్వ ఉండే గుణం లేదు. పప్పు మిల్లుల్లో విరిగిన కందిపప్పు, పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ధర పడిపోయిన నిమ్మకాయలు కూడా ఈ జాబితాలోకి వస్తాయి. వీటిలో విరిగిన కందిపప్పు గురించి కింద మళ్లీ ప్రస్తావిస్తాం, ఎందుకంటే అడిగి తీసుకునేవారు ఎక్కువగా కోరేది దానినే.

దానం సంగతి సరే, అసలు మిగలకుండా ఏం చేయాలి?

ముందు తూకం వేయాలి. పారవేసేదానిని తూచే అలవాటు ఉన్న యూనిట్లు చాలా తక్కువ. ముడిసరుకు దగ్గర ఎంత పోయింది, తయారీలో ఎంత పోయింది, తయారైన తర్వాత ఎంత తిరిగి వచ్చింది అన్న మూడు అంకెలను ఒక నోటు పుస్తకంలో నెల రోజులు రాస్తే, ఏ కన్సల్టెంటూ చెప్పనక్కర లేకుండా నష్టం ఎక్కడుందో యజమానికే తెలుస్తుంది. చాలామంది తయారీలో పోతున్నదని అనుకుంటారు, పుస్తకం తిరగేస్తే తిరిగి వచ్చిన సరుకు దగ్గర తేలుతుంది.

తిరిగి వచ్చే సరుకుకు మూలం మన వ్యాపార పద్ధతిలోనే ఉంది. ‘అమ్ముడుపోకపోతే వాపసు తీసుకుంటాం’ అని ఏజెంటుకు మాట ఇచ్చినప్పుడు, అతడు పది క్రేట్లు అమ్మే చోట పదమూడు క్రేట్లు ఆర్డర్ పెడతాడు. నష్టం అతనిది కాదు గనుక అతణ్ని తప్పుపట్టడానికి లేదు. వాపసును పూర్తిగా రద్దు చేయడం పోటీ ఉన్న బజారులో సాధ్యం కాకపోవచ్చు గాని, వాపసుకు ఒక హద్దు పెట్టి, హద్దు లోపల ఉన్నవారికి చిన్న కమిషన్ పెంచడం సాధ్యమే. ఇది కష్టమైన సంభాషణే, అయినా దానికి ప్రత్యామ్నాయం ప్రతిరోజూ సాయంత్రం క్రేట్లు వెనక్కి మోయడం.

ఉత్పత్తి వరుస కూడా ముఖ్యం. ఒకే యంత్రం మీద నాలుగు రకాలు చేసేవారు లేత రుచి, లేత రంగు ఉన్నదానితో మొదలుపెట్టి, ఘాటైనదానితో ముగిస్తే మధ్యలో యంత్రాన్ని కడిగి పారబోసే పిండి తగ్గుతుంది. పల్లీ, జీడిపప్పు కలిసే రకాలను చివర ఉంచడం ఎలర్జీ దృష్ట్యా కూడా మేలు. గోదాములో ముందు వచ్చినది ముందు పంపడం కాక, ముందు గడువు తీరేది ముందు పంపడం పాటించాలి; రెండూ ఒకటిగా కనిపించినా వాపసు సరుకు మళ్లీ గోదాములో చేరినప్పుడు ఒకటి కావు. అరకిలో ప్యాకెట్టులో 512 గ్రాములు పడుతుంటే తూకం యంత్రాన్ని సరిచేయించడం కూడా నష్టం తగ్గించడమే.

ఆన్‌లైన్ అమ్మకాల వేదికలకు సరుకు ఇచ్చేవారు మరో విషయం గమనించాలి. వినియోగదారు చేతికి చేరేనాటికి నిల్వ కాలంలో కనీసం 30 శాతం గాని, గడువుకు ముందు 45 రోజులు గాని మిగిలి ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో ఆ వేదికలకు చెప్పింది. అంటే వేదిక తిప్పి పంపిన సరుకుకు ఇంకా గడువు ఉంటుంది. అది మిగులుకు అచ్చమైన ఉదాహరణ.

మిగిలిన ఆహారం పంచడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద, మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికే ప్రత్యేకంగా 2019లో నిబంధనలు వచ్చాయి. అవి 2020 జులై 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటి సారం ఇది: ఇచ్చే ఆహారం సురక్షితంగా ఉండాలి, గడువు దాటి ఉండకూడదు, ప్యాకెట్టు మీది అసలు లేబులు చెదరకుండా ఉండాలి, విడిగా ఇచ్చే పదార్థానికి దాని పేరు, ఎక్కడిది, ఎప్పుడు తయారైంది, శాకాహారమా మాంసాహారమా అన్న వివరాలు ఉండాలి. సేకరించి పంచే సంస్థకు రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉండాలి, ఎక్కడి నుంచి ఎంత తీసుకున్నదీ ఎవరికి ఇచ్చినదీ రాసి ఉంచాలి. కాబట్టి వ్యాన్ వేసుకుని వచ్చిన ప్రతివారికీ సరుకు అప్పగించకుండా, ముందు ఆ కాగితం చూపించమని అడగండి. మంచి పనికి వచ్చినవారిని కాగితం అడగడం ఏమిటని మొహమాటపడేవారు ఉన్నారు. నిజంగా మంచి పని చేసేవారు ఆ కాగితాన్ని జేబులోనే ఉంచుకుంటారు.

లేబులు మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. దేనిని పట్టించుకోవాలి?

‘బెస్ట్ బిఫోర్’ అనేది రుచి, కరకర, వాసన పూర్తి స్థాయిలో ఉండే కాలాన్ని చెబుతుంది. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అనేది ఆ తర్వాత తినకూడదన్న హద్దు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గడువు తేదీ తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ వేయడం తయారీదారు ఇష్టం. సిద్ధాంతంలో బెస్ట్ బిఫోర్ దాటిన బిస్కెట్లు మర్నాడే విషం కావు. అయినా పంచే విషయంలో ఏ తేదీ దాటినా తీసుకోకూడదన్నదే మా నియమం. ఇతర దేశాల్లో ఈ తేడా చూపి గడువు పొడిగించే పద్ధతులు ఉన్నాయి గాని, ఇక్కడ నలభై డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డులో నిల్వ ఉన్న సరుకుకు ఆ సడలింపు వర్తించదు. లేబులు మీది తేదీ సరైన చోట నిల్వ చేసినప్పుడు మాత్రమే నిజం.

లేబులు అచ్చు తప్పు పడింది, డబ్బా సొట్ట పడింది. ఇవ్వవచ్చా?

ఏ తప్పు అన్నదాన్ని బట్టి ఉంటుంది. రంగు వెలిసిన అట్ట, పాత ధర, బయటి పెట్టె చిరగడం వంటివి ఆహారానికి సంబంధించినవి కావు, నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. కావలసిన పదార్థాల జాబితాలో పాలు, గోధుమ, పల్లీ, సోయా, గుడ్డు, చేప, రొయ్య వంటి ఎలర్జీ కారకాలలో ఒక్కటి తప్పిపోయినా, సరైన వివరంతో కొత్త లేబులు అంటించే దాకా ఆ సరుకు కదలకూడదు. డబ్బా పక్కన చిన్న సొట్ట ఉంటే పరవాలేదు. అతుకు దగ్గర సొట్ట ఉన్నా, మూత ఉబ్బినా, తుప్పు పట్టి కారుతున్నా ధ్వంసం చేయడమే దారి.

ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడనివి ఏవి?

నాణ్యత పరీక్షలో భద్రతా కారణంతో ఓడిన ఏ బ్యాచ్ అయినా సరే. ముఖ్యంగా నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడి ఎగుమతి ఆగిన రొయ్యలను ‘ఇక్కడివారు తింటే ఏమవుతుందిలే’ అన్న ఆలోచనతో పంచాలని చూడడం దారుణం. విదేశీయుడి కంచానికి పనికిరానిది మన హాస్టల్ కంచానికి ఎలా పనికివస్తుంది? ఇదే మాట బూజు పట్టిన పల్లీలకూ వర్తిస్తుంది. బూజు ఉన్నంత మేర ఏరివేసి మిగిలినది ఇద్దామంటారు కొందరు, కానీ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు, వేయించినా పూర్తిగా పోదు. చలి గొలుసు తెగిన (దారిలోనో నిల్వలోనో చల్లదనం తప్పిన) మాంసం, చేప, పాలు, క్రీము కేకులు, ఎలుక కొట్టిన బస్తాలు, పురుగుమందు పక్కన నిల్వ ఉన్న ధాన్యం కూడా ఇవ్వకూడదు.

ఒక్క పరీక్ష చాలు: ఆ పదార్థాన్ని మీ ఇంట్లో పిల్లల కంచంలో వడ్డిస్తారా? వడ్డించనని అనిపిస్తే ఫోన్ చేయవద్దు.

వండిన పదార్థాలు ఎన్ని గంటల్లో చేరాలి?

5 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన చల్లగా గాని, 60 డిగ్రీలకు పైన వేడిగా గాని ఉంచినంత కాలం సూక్ష్మజీవులు పెరగడం నెమ్మదిగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది. మామూలు గాలిలో రెండు గంటలకు మించి ఉంచకూడదన్నది సాధారణ సూత్రం. మే నెలలో ఒంగోలు ఎండకు దాన్ని గంటకు కుదించాలి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడకబెట్టినా చావవు, అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషాన్ని వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద డేగిసాలో అన్నం పైపైన చల్లారినా అడుగున పొద్దుగూకే దాకా వెచ్చగానే ఉంటుంది. అందుకే చల్లార్చాలంటే వెడల్పాటి ట్రేలలో పలచగా పరచాలి. ఇంట్లో నీళ్లు పోసి ఉంచే చద్దన్నం సంగతి వేరు, అది పులిసి ఆమ్లం తయారవుతుంది. దాన్ని చూపించి ఇక్కడ వాదించవద్దని మనవి.

ఎవరికి ఇస్తే మంచిది?

దగ్గరలో ఉన్నవారికి, క్రమంగా తీసుకోగలిగినవారికి. సంక్షేమ హాస్టళ్లు, అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవారికి భోజనం పెట్టే బృందాలు, ఊళ్లకు ఊళ్లు వలస వచ్చి ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న కుటుంబాలు, వేట నిషేధ కాలంలో మత్స్యకార పల్లెలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఉండదు. ఆ రెండు నెలల్లో బియ్యం, పప్పు, నూనె అందితే వారికి కలిగే ఊరట పండుగనాటి మిఠాయికి రాదు. ప్రభుత్వ హాస్టళ్లలో సరుకు తీసుకోవడానికి పై అధికారి అనుమతి కావాలి, దాన్ని ముందే తెచ్చుకుంటే సరుకు వచ్చిన రోజు పరుగులు పెట్టనక్కర లేదు.

ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు: అక్కడ ఒకరు రొట్టె ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు, నిరుడు పుచ్చుకున్నవారే కోరిక తీరాక ఈ ఏడు ఇచ్చేవారవుతారు, చేయి పైన ఉందా కింద ఉందా అని ఎవరూ చూడరు. ప్యాకెట్టు అందించేటప్పుడు తీసుకునేవారి ముఖం ఫోటో తీసి ప్రచారం చేసుకునే పద్ధతికి మేము ఒప్పుకోం.

మా దగ్గర మిగిలేవి తీపి సరుకులు, బిస్కెట్లే. అవి ఇస్తే చాలదా?

అప్పుడప్పుడు చాలు, రోజూ అయితే చాలదు. ఒక వృద్ధాశ్రమానికి వరసగా మూడు వారాలు మిఠాయి పంపిన తర్వాత అక్కడ వంట చేసే ఆమె, ‘ఇక్కడ సగం మందికి షుగరు సార్, ఈ తీపి నేనేం చేసుకునేది, పప్పు ఉంటే పంపించండి’ అన్నది. ఆ రోజు నుంచి ఏది మిగిలిందని తయారీదారును అడిగే ముందు, ఏది కావాలని తీసుకునేవారిని అడుగుతున్నాం. విరిగిన కందిపప్పు, నూకలు, పాలపొడి, గుడ్లు, నూనె, సైజు తప్పిన రొయ్య దాదాపు ప్రతిచోటా కోరేవి. విరిగిన కందిపప్పు మామూలు పప్పు కంటే త్వరగా ఉడుకుతుంది, పోషకంలో తేడా ఉండదు. బజారులో దానికి ధర తక్కువ కేవలం చూపు కోసమే.

దానం చేస్తే పన్నులో మినహాయింపు వస్తుందా?

ఆశ పెట్టుకోవద్దు. ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే, 80జీగా పేరుపడిన మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే గాని వస్తు రూపంలో ఇచ్చినదానికి రాదు. జీఎస్టీ చట్టంలో 17వ సెక్షన్ 5వ ఉపవిభాగం ప్రకారం, ఉచితంగా ఇచ్చిన సరుకుకైనా ధ్వంసం చేసిన సరుకుకైనా, దాని ముడిసరుకుల మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన తగ్గింపును) తిరిగి కట్టాలి. అంటే ఖజానా దృష్టిలో పంచినా పాతిపెట్టినా ఒకటే. ఈ విషయంలో చట్టం మారితే బాగుంటుందన్నది మా అభిప్రాయం. అయితే ధ్వంసం చేయడానికి అయ్యే కూలీ, రవాణా, గుంత ఖర్చు పంచినప్పుడు ఉండవు కాబట్టి, నికరంగా చూస్తే పంచడమే చౌక అని చాలామంది లెక్క వేసి ఒప్పుకున్నారు. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

తిన్నవారికి ఏమైనా అయితే మా మీదికి రాదా?

ఈ భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయలేం. ఆహార భద్రతా చట్టం 80వ సెక్షన్‌లో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకోగలిగినవారికి రక్షణ ఉంది. ఇక్కడ కీలకమైన మాట రుజువు. ఇచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి ఒక నమూనాను గడువు తీరే దాకా ఉంచుకోండి. అప్పగించినప్పుడు ఉష్ణోగ్రత ఎంత ఉందో, గంట ఎంతయిందో రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించండి. ఆ తర్వాత వ్యాన్ దారిలో రెండు గంటలు ఆగితే ఆ బాధ్యత ఎవరిదో ఆ కాగితమే చెబుతుంది.

ఉచితంగా ఇచ్చిన సరుకు మళ్లీ బజారులోకి వస్తే?

ఒకసారి జరిగింది. మేము ఒక ఆశ్రమానికి చేర్చిన నూనె ప్యాకెట్లు వారం తిరగకుండా పక్క ఊరి కిరాణా కొట్టులో కనిపించాయి. ఇచ్చిన తయారీదారు ఆ తర్వాత ఏడాది పాటు మా ఫోన్ ఎత్తలేదు, అందులో ఆయన తప్పు లేదు. అప్పటి నుంచి పెట్టెల మీదా ప్యాకెట్ల మీదా ‘అమ్మకానికి కాదు’ అని చెరగని ముద్ర వేయించుకుంటున్నాం. నెల రోజుల అవసరానికి మించి ఏ ఒక్క చోటా దించడం లేదు. అక్కరకు మించి ఇస్తే అమ్ముకోవాలన్న ఆలోచన ఎవరికైనా పుడుతుంది.

ప్రభుత్వానికి లెక్క చెప్పాలా?

లైసెన్సు ఉన్న తయారీదారులు, దిగుమతిదారులు, తిరిగి ప్యాక్ చేసేవారు, గడువు తీరినవీ పరీక్షలో ఓడినవీ అయిన సరుకు ఎంత, దాన్ని ఏం చేశారు, ఎవరికి అమ్మారు అన్న వివరాలను మూడు నెలలకొకసారి ఆన్‌లైన్‌లో ఇవ్వాలని 2024 డిసెంబరులో ఆదేశం వచ్చింది. గడువు తీరిన సరుకు కొత్త లేబులుతో మళ్లీ బజారుకు రాకుండా ఆపడం దాని ఉద్దేశం. మొదట చెప్పిన తూకం పుస్తకం ఉన్నవారికి ఈ నివేదిక అరగంట పని.

మనుషులకు పనికిరానిదాన్ని ఏం చేయాలి?

పశువులకు, ఆ తర్వాత బయోగ్యాస్‌కు, చివరగా ఎరువుకు, అదే వరుసలో. బేకరీ ముక్కలు, పప్పు పొట్టు, నూక తవుడు గొడ్లకూ కోళ్లకూ పనికివస్తాయి. అయితే పశువులు ఒక్కసారిగా ఎక్కువ పిండిపదార్థం తింటే కడుపు ఉబ్బి చచ్చిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, మిగిలిన అన్నాన్నీ బ్రెడ్డునూ బస్తాలతో గోశాల ముందు గుమ్మరించడం పుణ్యం కాదు. బూజు పట్టినది పశువులకూ పెట్టకూడదు, ఆ విషం పాలలోకి వస్తుంది.

వేపుడు నూనె విషయంలో వేరే నియమం ఉంది. పదే పదే కాగడం వల్ల నూనెలో ఏర్పడే ధ్రువ సమ్మేళనాలు (పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటిన నూనెను మళ్లీ వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు దాని రికార్డు ఉంచాలి. అటువంటి నూనెను బయోడీజిల్ చేసేవారు కొంటారు. దానిని తక్కువ ధరకు రోడ్డు పక్క బండ్లకు అమ్మడం, దానం పేరుతో ఇవ్వడం రెండూ నేరమే.

తుఫాను వచ్చినప్పుడు ఎలా?

2021 నవంబరు పెన్నా వరదలోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ ఎదురైన ఇబ్బంది ఒక్కటే: సరుకు ఉంది, దారి లేదు, లేదా మొదటి రోజు పులిహోర పొట్లాలు కుప్పలుగా వచ్చి, మూడో రోజు ఏమీ రాలేదు. వాయుగుండం హెచ్చరిక రాగానే గడువు ఉన్న బిస్కెట్లు, పాలపొడి, అటుకులు, రస్కులను ఎత్తైన చోటికి ముందే చేర్చి ఉంచడం మేలు. కరెంటు పోతే కోల్డ్ స్టోరేజీల్లోని సరుకు మిగులుగా మారే గంటలు కూడా అప్పుడే మొదలవుతాయి. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు రెండు రోజులు చలి నిలుపుకుంటుంది, సగం ఖాళీగా ఉన్నది ఒక రోజు. లోపల ఒక థర్మామీటరు ముందే ఉంచుకోండి. ఊహతో ఇచ్చిన రొయ్యను మేము తీసుకోలేం.

మాది చిన్న యూనిట్. రోజుకు ఐదు కిలోలు కూడా మిగలదు. మేమేం చేయగలం?

ఐదు కిలోల కోసం వ్యాన్ రాదు, నిజమే. కానీ ఒకే వీధిలో, ఒకే ఆటోనగర్‌లో ఇలాంటి యూనిట్లు పది ఉంటాయి. పదిమందీ కలిసి వారానికి రెండు రోజులు, ఒకే గంటలో, ఒకే చోట సరుకు దించగలిగితే ఒక ఆటో నిండుతుంది. ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలన్నది ముందే తేల్చుకోండి. పది చోట్ల ఈ ప్రయత్నం మొదలైతే ఆగిపోయినవాటిలో ఎక్కువ భాగం ఆ కిరాయి దగ్గరే ఆగిపోయాయి. పదిమందిలో ఒక్కరు సాయంత్రం నాలుగు గంటలకు తక్కినవారికి ఫోన్ చేసి ‘ఈరోజు ఏం మిగిలింది’ అని అడిగే బాధ్యత తీసుకోవాలి. ఐదు గంటలకు అడిగితే అప్పటికే షట్టర్లు దించేస్తారు.